గంటల తరబడి కూర్చున్నా ఏమీ తేలని కార్యవర్గ సమావేశం: ఎలా నడపాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి, ఒక క్లబ్బు కార్యదర్శి)

అందరికీ నమస్కారం. గజపతి జిల్లా పర్లాకిమిడిలో వాలీబాల్, కబడ్డీ ఆడించే ఒక చిన్న క్లబ్బుకు నేను ఏడాదిగా కార్యదర్శిగా ఉన్నాను. ఆటగాడిగా ఉన్నన్నాళ్ళూ కార్యవర్గ సమావేశమంటే పెద్దవాళ్ళు టీ తాగడానికి కూర్చునే చోటు అనుకునేవాణ్ణి. ఆ బాధ్యత నా నెత్తిన పడ్డాక, అది ఎందుకు తెమలదో తల బద్దలు కొట్టుకున్నా అర్థం కావడం లేదు. మా కార్యవర్గంలో పదకొండు మంది ఉన్నారు. ముగ్గురు మహేంద్రతనయ అవతలి ఒడ్డున పాతపట్నంలో ఉంటారు, నలుగురు మా నాన్నగారి ఈడువారు, మిగిలిన నలుగురం ఇంకా కోర్టులో దిగి ఆడుతున్నవాళ్ళం. అధ్యక్షులు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఊళ్ళో అందరికీ గౌరవం ఉన్న మనిషి, ఎవరినీ మధ్యలో ఆపి ఎరుగరు.

మొన్నటి ఆదివారం జరిగిన సమావేశాన్ని ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆరు గంటలకని కబురు పెట్టాం, ఆరూ నలభైకి ఏడుగురు పోగయ్యారు. ఎజెండాలో ఐదు అంశాలు ఉన్నాయి: ఫ్లడ్‌లైట్లు, కొత్త నెట్టు, సంక్రాంతి టోర్నమెంటు, చందా బకాయిలు, బ్యాంకు ఖాతాలో సంతకం మార్పు. ఫ్లడ్‌లైట్ల గురించి నేను నోరు విప్పగానే, పోయిన సంక్రాంతికి కట్టిన బ్యానరు మీద దాతల పేర్లలో ఒకటి చిన్న అక్షరాల్లో పడిందన్న పాత గొడవ పైకి వచ్చింది. నలభై నిమిషాలు అదే నడిచింది. అది చల్లారుతుండగా మరొకరు, 2018 నుంచి దేశపు హాకీ జట్లకు స్పాన్సరుగా ఉన్న ఒడిశా ప్రభుత్వం మన వాలీబాల్‌ను ఎందుకు పట్టించుకోదని అందుకున్నారు. ప్రశ్న న్యాయమైనదే కావచ్చు, కానీ దానికి జవాబు చెప్పగలిగినవారు ఆ గదిలో ఎవరూ లేరు. ఎనిమిదింటికి టీ వచ్చింది. గ్లాసులు కింద పెడుతూ రెండు నిమిషాల్లో నెట్టు కొనడానికి సరే అన్నారు. పాతపట్నం వాళ్ళు లేచారు, వాళ్ళ వెనకే మిగిలినవారూ లేచారు. బ్యాంకు సంతకం సంగతి "చూద్దాం లెండి" దగ్గర ఆగింది. అలా ఆగడం ఇది నాలుగోసారి. పాత కోశాధికారి ఉద్యోగరీత్యా విశాఖపట్నం వెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది. చెక్కు మీద ఆయన సంతకం కావాలంటే చెక్కుపుస్తకం బస్సులో వెళ్ళి బస్సులో రావాలి, ఈలోగా రెఫరీలకు ఇవ్వాల్సినది నేను జేబులోంచి ఇస్తున్నాను.

తెమలకపోవడం కంటే పెద్ద నష్టం పోయిన ఏడాది జరిగింది. కోర్టు చుట్టూ నాలుగు దీపస్తంభాలు వేయాలని సమావేశంలో అందరూ ఒప్పుకున్నారు. ఎంత దూరంలో వేయాలన్న మాట కూడా వచ్చిందని నాకు బాగా గుర్తు. మినిట్స్ పుస్తకంలో మాత్రం "స్తంభములు వేయుటకు తీర్మానించడమైనది" అని ఒక్క వాక్యమే ఉంది. గుంతలు తవ్వినవాళ్ళు సైడ్‌లైనుకు మీటరున్నర దూరంలో తవ్వారు. పక్షం తిరగకుండానే, బంతి కోసం పక్కకు పరుగెత్తిన మా కుర్రాడొకడు భుజంతో వెళ్ళి స్తంభానికి కొట్టుకుని ఆరు వారాలు ఆటకు దూరమయ్యాడు. ఆ స్తంభాలను పెరికించి గోడవారగా పడేశాం. వాటిని మళ్ళీ వేయడమే ఇప్పుడు నడుస్తున్న ఫ్లడ్‌లైట్ల అంశం.

నేను అడగదలచుకున్నవి ఇవి. మామయ్యా, బాబాయీ అని పిలిచే పెద్దవారిని మాట మధ్యలో ఆపడం ఎలా? సమావేశం ఎంతసేపు జరగాలి? మరొక చిక్కు భాషది. మా మినిట్స్ పుస్తకం మొదటినుంచీ తెలుగులో ఉంది. కుర్రవాళ్ళలో చాలామంది ఒడియా మాధ్యమంలో చదువుకున్నవారు కనుక తెలుగు మాట్లాడతారే గాని చదవలేరు. బ్యాంకు వారేమో తీర్మానం నకలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో తెమ్మన్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు (బరంపురం నుంచి, ముప్పై ఏళ్ళు క్లబ్బు లెక్కలు చూసిన ఒక పెద్దాయన)

బాబూ, నీ లేఖ రెండుసార్లు చదివాను. సమావేశంలో మాటలు ఎక్కువవుతున్నాయన్నది నీ బాధ. నా లెక్కలో నీ జబ్బు అది కాదు. మన వాళ్ళు కూర్చుంటే మాట్లాడతారు, దాన్ని ఎవరూ మాన్పించలేరు. మాట్లాడినదాన్ని అక్కడికక్కడే రాసి చదివి వినిపించేవారు లేకపోవడమే నీ జబ్బు. స్తంభాల సంగతే చూడు. దూరం గురించి మాట వచ్చింది, అందరూ విన్నారు, ఒప్పుకున్నారు, పుస్తకంలోకి మాత్రం ఎక్కలేదు. ఇంటికి వెళ్ళి మర్నాడో మూడోనాడో గుర్తు తెచ్చుకుని రాసే మినిట్స్‌లో వాక్యం నున్నగా ఉంటుంది, కొలత మాత్రం జారిపోతుంది.

నేను పాటించిన పద్ధతి ఒక్కటే. ఒక అంశంపై అందరూ ఒక మాటకు వచ్చినట్టు అనిపించగానే కార్యదర్శి చెయ్యెత్తి, "ఒక్క నిమిషం, రాస్తున్నాను" అనాలి. రాసేదాకా తర్వాతి అంశం కదలకూడదు. రాసినది పైకి చదవాలి. అందులో ఏమి చేయాలి, ఎవరు చేయాలి, ఏ తేదీలోగా, ఎంత సొమ్ములో అన్న నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. చదివి వినిపించినప్పుడే అసలు తగాదా బయటపడుతుంది. "ఎనిమిది వేలా? నేను ఆరు వేలనుకున్నానే" అని ఒకరు అంటారు. ఆ తగాదా ఆ గదిలోనే రావడం మంచిది, గుంత తవ్విన తర్వాత రావడం కంటే. మీ స్తంభాల తీర్మానం ఇలా ఉండి ఉంటే ఆ కుర్రాడి భుజం బాగుండేది: "వాలీబాల్ కోర్టు నాలుగు మూలల వద్ద దీపస్తంభాలు నాలుగు వేయాలి. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు గనుక, నియమాల ప్రకారం దాని నాలుగు వైపులా వదలవలసిన 3 మీటర్ల ఖాళీ స్థలానికి బయటే ప్రతి స్తంభమూ ఉండాలి. గుంతలు తవ్వే రోజున ఫలానావారు టేపుతో దగ్గరుండి కొలవాలి." వాలీబాల్ ఆడే ప్రతివారికీ తెలిసిన కొలతలే ఇవి. తెలిసినవే కదా అని రాయకపోవడం వల్లనే ప్రమాదం వచ్చింది.

సమావేశం ముగియగానే, ఇంకా ఎవరూ చెప్పులు వేసుకోకముందే, హాజరైనవారందరి సంతకాలూ పుస్తకంలో తీసుకో. మినిట్స్ పుస్తకం కుట్టిన పుస్తకమై ఉండాలి, పేజీలకు ముందే వరుస అంకెలు వేసి ఉండాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం చేయాలి తప్ప తెల్ల రంగు పూయకూడదు. నేను ఒకప్పుడు విడి కాగితాల మీద రాసి ఫైల్లో పెట్టేవాణ్ణి. ఒక వానాకాలం పైకప్పు కారి ఆ ఫైలు ముద్దయిపోయాక నాకు బుద్ధి వచ్చింది.

ఎజెండా రాసే తీరు కూడా మార్చుకో. "ఫ్లడ్‌లైట్లు" అని ఒక్క మాట రాస్తే ఎవరికి తోచినది వారు మాట్లాడతారు, అది వారి తప్పు కాదు. "ఫ్లడ్‌లైట్లకు వచ్చిన రెండు కొటేషన్లలో దేనిని ఆమోదించాలి?" అని ప్రశ్నగా రాస్తే ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వస్తుంది. ఆ కొటేషన్లు రెండూ నాలుగు రోజుల ముందే అందరికీ చేరాలి. బ్యాంకు సంతకం వంటి అంశాన్ని చివర పెట్టకు, అది మొదటిది కావాలి. అందరూ ఒప్పుకునే అంశమే అయినా, చివరికి వచ్చేసరికి కోరం, అంటే సమావేశం చెల్లడానికి ఉండవలసిన కనీస హాజరు, లేచి వెళ్ళిపోతుంది.

కోరం అన్నాను గనుక చందా బకాయిల సంగతి కూడా చెప్పాలి, దాన్ని నీవు తేలిగ్గా చూస్తున్నట్టు తోస్తోంది. సంఘాల నమోదుకు ఆధారమైన 1860 నాటి మూల చట్టంలో 15వ సెక్షన్ ప్రకారం, చందా మూడు నెలలకు మించి బకాయి పడ్డ సభ్యుడికి ఓటు ఉండదు సరికదా, అతణ్ణి సభ్యుడిగా లెక్కించనే కూడదు. అంటే మీ సర్వసభ్య సమావేశానికి నలభై మంది వచ్చి, వారిలో పాతిక మంది బకాయిదారులైతే, ఆ రోజు మీరు ఎన్నుకున్న కార్యవర్గాన్ని రేపు ఎవరైనా ప్రశ్నించవచ్చు. కోశాధికారి చందా రిజిస్టరును ప్రతి సమావేశానికీ వెంట తేవాలి. అదే చట్టం 4వ సెక్షన్ ప్రకారం, వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన రోజు తరువాత 14వ రోజులోగా కార్యవర్గ సభ్యుల పేర్లు, చిరునామాలు, వృత్తులతో జాబితాను రిజిస్ట్రారుకు సమర్పించాలి. ఈ పని ఎవరు చేయాలో కూడా ఆ రోజే పేరు పెట్టి రాసుకో. క్లబ్బు ఆశయాలనే మార్చదలచుకుంటే అది కార్యవర్గంతో అయ్యే పని కాదు. ప్రతిపాదనను ప్రత్యేక సమావేశానికి పది రోజుల ముందే సభ్యులందరికీ రాతపూర్వకంగా పంపాలి, ఐదింట మూడు వంతుల ఓట్లు రావాలి, ఆ పైన నెల రోజుల ఎడంతో రెండో సమావేశం పెట్టి అంతే మెజారిటీతో ఖాయం చేయాలి.

పెద్దవారిని ఆపడం ఎలా అని అడిగావు. నేను ఇప్పుడు ఆ పెద్దవారి జాబితాలో ఉన్నాను గనుక ఆ జవాబు వేరేవారు చెబితేనే బాగుంటుంది.

రెండో జవాబు (రాయగడ నుంచి, కబడ్డీ క్రీడాకారిణి, కార్యవర్గ సభ్యురాలు)

కార్యదర్శి గారూ, పెద్దాయన చెప్పినదంతా బంగారం లాంటి మాట, దానితో నాకు పేచీ లేదు. ఆయన వదిలేసిన ప్రశ్నకు మా క్లబ్బులో దొరికిన ఉపాయం చెబుతాను.

పెద్దవారిని ఆపడానికి మీరు ప్రయత్నించవద్దు, అది జరగదు, జరిగినా ఆ మాట మీ ఇంటిదాకా వస్తుంది. మాట్లాడే వరుసను మార్చండి. మా దగ్గర ఒక అంశం రాగానే అందరికంటే చిన్నవారు మొదట మాట్లాడాలి, అక్కడి నుంచి వయసు వరుసలో పైకి వెళ్ళాలి, అందరూ ఒకసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదు. మన ఇళ్ళలో పెద్దవారి మాట చివర రావడమే మర్యాద కదా. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడైనా అందరూ తలోమాటా అన్నాక తాతగారు తేల్చి చెబుతారు. మా పెద్దవారికి ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే, ఒకసారి మేము మరచిపోతే వారే గుర్తుచేశారు. దీనివల్ల మరో మేలు జరిగింది. పెద్దవారు ముందే ఒక అభిప్రాయం చెప్పేస్తే చిన్నవాళ్ళు నోరు మెదపరు. ఇప్పుడు పందొమ్మిదేళ్ళ అమ్మాయి చెప్పినది విన్నాకే పెద్దవారు తమ మాట చెబుతున్నారు, కొన్నిసార్లు తమ మాట మార్చుకుంటున్నారు కూడా.

మీ లేఖలో నాకు కనబడనిది ఒకటి ఉంది. మీ పదకొండు మందిలో ఆడవాళ్ళు ఎందరు? మీ క్లబ్బులో అమ్మాయిలు ఆడుతున్నారా? మా క్లబ్బులో అమ్మాయిల జట్టు ఉండి కూడా, సమావేశం రాత్రి ఎనిమిదింటికి మైదానం పక్క కొట్టు ముందు బల్లల మీద జరిగేది. నేను ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని, అదీ మా తమ్ముడు స్కూటరు మీద కాచుకుని ఉంటేనే. అమ్మాయిలు బట్టలు మార్చుకునే గదికి తలుపు గడియ లేదన్న సంగతి ఏడాది పొడుగునా ఎజెండాలో చివరి వరుసలో, "ఇతర అంశములు" కింద ఉంది. ఆ వరుస దాకా ఏ సమావేశమూ చేరలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడ్డుపడలేదు, అసలు చర్చకే రాలేదు. ఒక గడియ ఖరీదు ఎంతుంటుందో మీరే చెప్పండి. సమావేశాన్ని ఆదివారం సాయంత్రం నాలుగింటికి, బడిలో ఒక గదికి మార్చమని గట్టిగా పట్టుబట్టాను. మరుసటి నెల ముగ్గురం ఆడవాళ్ళం కూర్చున్నాం, గడియ మొదటి అంశమైంది, మూడు నిమిషాల్లో తీర్మానం అయింది. అందుకే పెద్దాయనకు నా మనవి ఒకటి: పుస్తకంలోకి ఏది ఎక్కుతుందన్నది ఎంత ముఖ్యమో, ఆ గదిలోకి ఎవరు రాగలుగుతున్నారన్నది అంతే ముఖ్యం.

బ్యానరు గొడవ వంటివి సమావేశంలో పుట్టవు, బయట పుట్టి లోపలికి వస్తాయి. ఎవరికి మనసు నొచ్చిందో మీకు ముందే తెలుసు కనుక, సమావేశానికి రెండు రోజుల ముందు వారింటికి వెళ్ళి పది నిమిషాలు కూర్చోండి. ఆ పది నిమిషాలు మీకు నలభై నిమిషాలు మిగులుస్తాయి. వాట్సాప్ గ్రూపు గురించి కూడా ఒక మాట చెప్పాలి. అక్కడ అందరూ బొటనవేలు బొమ్మ పెట్టినంత మాత్రాన అది తీర్మానం కాదు. కబురు చేరవేయడానికి గ్రూపును వాడండి, డబ్బు ఖర్చు పెట్టే నిర్ణయాలకు మాత్రం వాడవద్దు.

మూడో జవాబు (సిరొంచ నుంచి, మహారాష్ట్ర)

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. ప్రాణహిత దాటితే అవతల తెలంగాణ. మా చిక్కు అచ్చం మీలాంటిదే, కాకపోతే ఒడియా స్థానంలో మరాఠీ ఉంటుంది. మా క్రీడా మండలిలో మాట తెలుగులో నడుస్తుంది, కాగితం మరాఠీలో నడుస్తుంది. మొదట్లో మేము మినిట్స్ తెలుగులో రాసుకుని, కావలసినప్పుడు మరాఠీలోకి దింపుకునేవాళ్ళం. దింపేవారు మారినప్పుడల్లా అర్థం కొంచెం మారేది. ఇప్పుడు తీర్మానం వరకు నేరుగా మరాఠీలోనే రాస్తున్నాం, రాసినదాన్ని అక్కడే తెలుగులో అర్థం చెప్పి వినిపిస్తున్నాం, అందరూ సరేనన్న తర్వాతే సంతకాలు పెడుతున్నారు. చర్చ సారాంశం తెలుగులోనే ఉంటుంది. బ్యాంకుకు గాని కార్యాలయానికి గాని ఇవ్వవలసింది తీర్మానమే కనుక, ఆ ఒక్క భాగానికి నకలు తీసి అధ్యక్షులు, కార్యదర్శి ధ్రువీకరించి ఇస్తే చాలు. మీరూ తీర్మానాన్ని ఒడియాలో రాయించండి. తెలుగు మాట్లాడి ఒడియా రాయగల కుర్రవాళ్ళు మీ దగ్గర కావలసినంతమంది ఉన్నారని మీరే అన్నారు. వాళ్ళకు సహకార్యదర్శి పని అప్పగించినట్టూ అవుతుంది.

మహారాష్ట్రలో సంఘాలకు మరో మెట్టు ఉంది. 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద కూడా నమోదు ఉండాలి, కార్యవర్గం మారితే 90 రోజులలోగా ఆ మార్పును తెలియజేసే నివేదిక దాఖలు చేయాలి. మా ఎన్నిక జరిగింది, చప్పట్లు కొట్టాం, మిఠాయి పంచుకున్నాం, ఎవరు దాఖలు చేయాలో మాత్రం రాసుకోలేదు. గడువు దాటాక, ఆలస్యానికి కారణం చెప్పుకుంటూ కార్యాలయం చుట్టూ తిరిగింది నేనే. సిరొంచ నుంచి గడ్చిరోలికి వెళ్ళిరావడమంటే ఒక రోజు పోయినట్టే అని ఈ ప్రాంతం తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

నాలుగో జవాబు (గుణుపురం నుంచి)

అందరూ నన్ను తిట్టుకోకపోతే ఒక ఎదురుమాట చెబుతాను. మా క్లబ్బులో ఇవన్నీ చేశాం. గంటకు మించకూడదన్నాం, గడియారం ముందు పెట్టుకున్నాం, అంశానికి పది నిమిషాలు అన్నాం. మూడు నెలలు సమావేశాలు బాగా జరిగాయి. నాలుగో నెలకు జనం రావడం మానేశారు. "ఆఫీసులో ఉన్నది చాలదా, ఇక్కడ కూడానా" అని ఒకరు మొహం మీదే అన్నారు. క్లబ్బులో ఎవరికీ జీతం లేదు. వారానికో నెలకో ఒకసారి కలిసి కబుర్లు చెప్పుకోవడమే చాలామందికి దక్కే జీతం. అది కూడా తీసేస్తే ఇక నెట్టు కట్టడానికి ఎవరు వస్తారు? ఆఖరికి మేము చేసింది ఏమిటంటే, సమావేశం గంట, దాని తర్వాత టీ, పకోడీ. బ్యానర్లు, హాకీ, ప్రభుత్వాలు అన్నీ పకోడీ దగ్గర. ముందు టీ ఇస్తే మాత్రం పని అయిపోయినట్టే.

బరంపురం పెద్దాయన మళ్ళీ

గుణుపురం బాబు చెప్పినది ఒప్పుకుంటున్నాను. నేను సమావేశం పొడుగు గురించి ఒక్క మాటా అనలేదు, అయినా నా పద్ధతిలో కొంత బిగింపు ఉన్న మాట నిజం. రాయగడ అమ్మాయి అన్నది కూడా నిజమే. నేను లెక్కలు చూసిన ముప్పై ఏళ్ళలో మా మినిట్స్ పుస్తకాల్లో ఒక్క మహిళ సంతకమైనా ఉందా అని నిన్న రాత్రి గుర్తు చేసుకోబోయాను. ఒక్కటీ గుర్తు రాలేదు. పుస్తకాలు మాత్రం కొట్టివేతలు లేకుండా శుభ్రంగా ఉంటాయి.

ప్రశ్న అడిగిన కార్యదర్శి, ఐదు వారాల తర్వాత

జవాబులు ఇచ్చిన అందరికీ నమస్కారాలు. నిన్న ఆదివారం సమావేశం జరిగింది గనుక ఏమైందో చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

శుక్రవారం సాయంత్రం బ్యానరు మామయ్య ఇంటికి వెళ్ళాను. పేరు చిన్నగా పడినందుకు ఆయనకు కోపం లేదట. ఆ పేరు చనిపోయిన వాళ్ళ అన్నగారిది, ఆ అన్నగారు ఈ మైదానాన్ని చదును చేయించిన రోజుల్లో ఉన్నవారు ఇప్పుడు కార్యవర్గంలో ఒక్కరూ లేరని ఆయన బాధ. ఆ సంగతి నాకు నిజంగా తెలియదు. నలభై నిమిషాల గొడవలో ఈ మాట ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

ఎజెండాను ప్రశ్నలుగా రాసి బుధవారమే పంపాను. నాలుగు గంటలకు మొదలుపెట్టాలనుకున్నాం, నాలుగూ ఇరవైకి మొదలైంది. అందులో ఇంకా మార్పేమీ లేదు. సంతకం మార్పు మొదటి అంశంగా పెట్టాం, ఆరు నిమిషాలు పట్టింది. సహకార్యదర్శి ఒడియాలో రాసి తెలుగులో వినిపించాడు. వినిపించేటప్పుడే, ఇద్దరి సంతకాలు కలిసి ఉండాలా, ముగ్గురిలో ఏ ఇద్దరిదైనా చాలా అన్న ప్రశ్న వచ్చింది. రాయకపోతే అది ఎవరికీ తట్టేది కాదు. ముగ్గురిలో ఏ ఇద్దరైనా అని తేల్చి రాశాం, కోశాధికారి ఊరు మారినా ఇక చెక్కుపుస్తకం బస్సెక్కదు. చందా రిజిస్టరు తెరిచి చూస్తే, మూడు నెలలు దాటిన బకాయిదారుల్లో కార్యవర్గ సభ్యులే ఇద్దరు ఉన్నారు. ఒకరు అక్కడే కట్టేశారు. రెండోది నేనే. రెఫరీలకు జేబులోంచి ఇచ్చినది ఉంది కదా అని చందా కట్టలేదు. అలా సర్దుకోవడం కుదరదని మా అధ్యక్షులు, ఎవరినీ ఏమీ అనని ఆ పెద్దమనిషి, మెత్తగా చెప్పారు. కట్టి రసీదు తీసుకున్నాను, నాకు రావలసినదానికి విడిగా ఓచరు రాసి ఇచ్చాను.

వయసు వరుస సగమే పనిచేసింది. చిన్నవాళ్ళు మొదట మాట్లాడారు, బాగానే ఉంది, కానీ పెద్దవారి వంతు వచ్చాక ఇద్దరు చాలాసేపు మాట్లాడారు. హాకీ ప్రస్తావన కూడా వచ్చింది. "అది పకోడీ దగ్గర, బాబాయ్" అని వెనకనుంచి ఎవరో అన్నారు, అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. ఆడవాళ్ళ విషయంలో నా దగ్గర ఇంకా చెప్పుకోదగ్గ జవాబు లేదు. అమ్మాయిల జట్టు శిక్షకురాలిని ఆహ్వానితురాలిగా పిలిచాం, వచ్చారు, రెండుసార్లు మాట్లాడారు. ఓటు హక్కుతో ఆమెను తీసుకోవాలంటే సర్వసభ్య సమావేశం దాకా ఆగాలి.

ఫ్లడ్‌లైట్ల కొటేషన్లలో ఒకటి ఆమోదం పొందింది. 3 మీటర్ల ఖాళీకి బయటే గుంతలు ఉండాలని, తవ్వే రోజున టేపు పట్టుకుని దగ్గరుండేవారి పేరుతో సహా తీర్మానంలో రాశాం. వచ్చే శనివారం ఉదయం ఏడింటికి తవ్వకం. టేపు నా దగ్గర ఉంది.